స్వతంత్ర దళిత రాజకీయ పక్షాలు: పుదుచ్చేరి ఓటరు జాబితాల నుంచి ఏనుగు గుర్తు దాకా

పెద్ద పార్టీల్లో ఎంతకాలం ఉన్నా టికెట్ ఇచ్చేవాడి దయమీదే బతకాల్సి వస్తుందని తేలినప్పుడు, అణగారిన సమాజాలు సొంత జెండా, సొంత గుర్తు, సొంత అభ్యర్థులతో ఎన్నికల్లోకి దిగుతాయి. అమెరికాలో నల్లజాతీయులు ఈ ప్రయత్నం చాలాసార్లు చేశారు. 1904లోనే నేషనల్ లిబర్టీ పార్టీ తరఫున జార్జ్ ఎడ్విన్ టేలర్ అధ్యక్ష పదవికి పోటీ చేశాడు. మన దగ్గర దీనికి సమానమైనది దళిత పక్షాల చరిత్ర. చాలామంది ఆ చరిత్రను 1936లో అంబేద్కర్ పెట్టిన ఇండిపెండెంట్ లేబర్ పార్టీతో మొదలుపెడతారు. అంతకు 50 ఏళ్ల ముందే, ఫ్రెంచి పాలనలో ఉన్న పుదుచ్చేరి పట్టణంలో కులం కింద నలిగినవాళ్లకు వేరే ఓటరు జాబితా, దాని మీద నిలబడ్డ ఒక పక్షం ఉండేవి. అది పూర్తిగా దళిత పక్షం కాదు, దాని నాయకుడు కూడా దళితుడు కాదు. అయినా ఈ చరిత్రకు మొదటి అధ్యాయంగా దాన్నే పెట్టుకోవడం సబబు. వేరు పార్టీ బతుకుతుందా చస్తుందా అన్నది నినాదం కన్నా ఓట్లు లెక్కపెట్టే పద్ధతి మీదే ఎక్కువ ఆధారపడుతుందని అక్కడే మొదట తేలింది.

పట్టణం, ఓటు

పుదుచ్చేరిని ఒక కాలువ రెండుగా చీల్చింది. సముద్రం వైపుది తెల్ల పట్టణం, అవతలిది నల్ల పట్టణం. ఫ్రెంచివాళ్ల మ్యాపుల్లోనూ ఇవే పేర్లు. నల్ల పట్టణంలో వెళ్లాల, చెట్టి, ముదలియార్ వీధులు వరసగా ఉండేవి. దళితులైన పరయర్ల వాడలు, అంటే చేరీలు, ఆ వీధులకూ బయటే. ఫ్రెంచి అధికారులు వీళ్లను రికార్డుల్లో వలంగైముగత్తార్ అని రాసుకునేవారు. బ్రిటిష్ భారతంలో సామాన్యుడికి ఓటు ఊహకు కూడా అందని రోజుల్లో ఇక్కడ ఓటు వచ్చింది. 1848 విప్లవం తర్వాత ఫ్రాన్స్ తన వలసలకు వయోజన పురుష ఓటు హక్కునిచ్చి, ఫ్రెంచి ఇండియాకు పారిస్ పార్లమెంటులో ఒక డిప్యూటీ స్థానం కేటాయించింది. 1852లో వచ్చిన రెండో సామ్రాజ్యం దాన్ని తీసేసింది. 1871లో మూడో రిపబ్లిక్ తిరిగి ఇచ్చింది. 1872లో స్థానిక సభలు, 1879లో వలస మొత్తానికీ ఒక సర్వసభ, 1880లో పురపాలక సంఘాలు ఏర్పడ్డాయి. గోదావరి ఒడ్డున యానాం రైతు కూడా పుదుచ్చేరిలో కూర్చునే సర్వసభకు సభ్యుణ్ణి, పారిస్‌లో కూర్చునే డిప్యూటీని ఎన్నుకునేవాడు. ఏరు దాటితే బ్రిటిష్ జిల్లా. అక్కడి అతని బంధువుకు ఆ భాగ్యం లేదు.

ఓటు అందరికీ ఇచ్చారు సరే, దాని బరువు అందరికీ ఒకటి కాదు. వందల్లో ఉన్న ఐరోపావాళ్లు ఒక జాబితాలో, పదుల వేలలో ఉన్న భారతీయులు ఇంకో జాబితాలో ఉండేవారు. సభల్లో సీట్లు జనం లెక్కన కాకుండా జాబితాల లెక్కన పంచేవారు. పారిస్ డిప్యూటీ ఎన్నికకు మాత్రం అన్ని ఓట్లూ కలిపి లెక్కించేవారు. ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూడకపోతే తర్వాత జరిగినదేదీ అర్థం కాదు.

చెప్పుల కేసు, లాపోర్త్

1873 జనవరిలో పొన్నుతంబి పిళ్లై అనే వెళ్లాల క్రైస్తవ న్యాయవాది ఐరోపా పద్ధతిలో బూట్లు వేసుకుని పుదుచ్చేరి కోర్టులోకి అడుగుపెట్టాడు. భారతీయులు కోర్టులోకి వట్టి కాళ్లతోనో, దేశవాళీ చెప్పులతోనో రావాలన్నది అక్కడి ఆనవాయితీ. న్యాయమూర్తి జరిమానా వేశాడు. పొన్నుతంబి దాన్ని కట్టి ఊరుకోకుండా పారిస్ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లి గెలిచాడు. అక్కడ ఆయన తరఫున వాదించిన జూల్ గోదాఁ 1876లో ఫ్రెంచి ఇండియా డిప్యూటీ అయ్యాడు. ఒక జత బూట్లు పట్టుకుని రాజకీయం మొదలైందంటే నవ్వొస్తుంది. కానీ బస్సులో ఏ సీట్లో కూర్చోవాలన్న దగ్గర అమెరికాలో మొదలైన నల్లజాతీయుల పోరాటమూ ఇలాంటిదే.

పొన్నుతంబి అనుచరుల అసలు డిమాండు వేరే. ఫ్రెంచి పౌరుడినన్నాక ఫ్రెంచి చట్టమే నాకూ వర్తించాలని వాళ్లు అడిగారు. అప్పటిదాకా భారతీయులకు పెళ్లి, వారసత్వం వంటి విషయాల్లో వాళ్ల కులాచారం, మతాచారమే చట్టంగా నడిచేది. 1881 సెప్టెంబర్ 21 నాటి డిక్రీ ఆ కట్టు నుంచి బయటపడే దారి చూపించింది. ఎవరైనా సరే తన 'వ్యక్తిగత స్థితి'ని వదులుకుంటున్నట్లు ప్రకటించవచ్చు. పద్ధతి కూడా సులువే. సివిల్ రిజిస్ట్రారు ముందో, జస్టిస్ ఆఫ్ పీస్ ముందో, నోటరీ ముందో హాజరై తన పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు చెప్పాలి. తాను, తన భార్య, మైనారిటీ తీరని పిల్లలు ఇకమీదట ఫ్రెంచి సివిల్ కోడ్‌కే లోబడతామని అనాలి. తరతరాలకూ నిలిచే ఒక ఇంటిపేరు ఎంచుకోవాలి. సంతకమో వేలిముద్రో వేయాలి. ఒకసారి ప్రకటించాక వెనక్కి తీసుకునే వీలు లేదు. పొన్నుతంబి లాపోర్త్ అన్న ఇంటిపేరు పెట్టుకున్నాడు. ఇలా వదులుకున్నవాళ్లను రెనోన్సాన్లు అన్నారు.

ఈ దారి పట్టినవాళ్లలో క్రైస్తవులు, పరయర్లు ఎక్కువ. ఎందుకో ఊహించడం కష్టం కాదు. పోయేది ఆచారం, ఆ ఆచారంలో తమకున్న చోటు ఊరి బయట. వెళ్లాల, ముదలియార్ కుటుంబాలకు మాత్రం పోయేది చాలా ఉంది. ఉమ్మడి ఆస్తి, పెళ్లి సంబంధాలు, గుడిలో మర్యాదలు అన్నీ పణం పెట్టాలి. అందుకే వాళ్లలో ఎక్కువమంది ఈ డిక్రీని కులధర్మం మీద దాడిగానే చూశారు. వాళ్లకు నాయకుడిగా ముందుకొచ్చినవాడు షణ్ముగ వేలాయుద ముదలియార్. 1880ల నుంచి పాతికేళ్లకు పైగా ఫ్రెంచి ఇండియా రాజకీయం ఆయన ఇంటి అరుగు మీదనే నడిచిందంటే అతిశయోక్తి కాదు. పారిస్ డిప్యూటీ ఎన్నికలో ఓట్లన్నీ ఒకే రాశిలో పడతాయి గనక, పదుల వేల కులహిందువుల ఓట్లు చేతిలో ఉన్నవాడే డిప్యూటీని నిర్ణయిస్తాడు. పుదుచ్చేరి ముఖం కూడా ఎరగని పారిస్ పెద్దమనుషులు ఆయన అండతో డిప్యూటీలయ్యేవారు.

మూడు జాబితాలు

రెనోన్సాన్లను ఏ జాబితాలో వేయాలి? ఫ్రెంచి చట్టానికి లోబడ్డారు కాబట్టి మొదటి జాబితాలో వేయడం న్యాయం. అలా వేస్తే వందల్లో ఉన్న ఐరోపా ఓటర్లను వేలల్లో ఉన్న రెనోన్సాన్లు ముంచేస్తారు. ఐరోపావాళ్లు ఒప్పుకోలేదు. 1884 ఫిబ్రవరి 26 నాటి డిక్రీ మధ్యేమార్గం పట్టింది. మొదటి జాబితాలో ఐరోపావాళ్లు, వాళ్ల సంతతి. రెండోదాంట్లో రెనోన్సాన్లు. మూడోదాంట్లో మిగిలిన భారతీయులు. స్థానిక సభల్లో, పురపాలక సంఘాల్లో ఒక్కో జాబితాకు మూడోవంతు సీట్లు.

పూర్తి న్యాయం ఏ వైపు నుంచి చూసినా ఇందులో కనబడదు. గుప్పెడు మంది ఐరోపావాళ్లకు మూడోవంతు అంటే దౌర్జన్యమే. కానీ రెండో జాబితా ఓటరు వైపు నుంచి చూడండి. చేరీలో ఉన్న మనిషి, ముదలియార్ వీధిలో నడవడానికే జంకే మనిషి, తనలాంటివాళ్లు మాత్రమే ఓటువేసే పెట్టెలో చీటీ వేస్తున్నాడు. ఆ పెట్టె గెలిపించినవాడు సముద్రం ఒడ్డునున్న పురపాలక భవనంలో ముదలియార్ పక్క కుర్చీలో కూర్చుంటున్నాడు. ఓటు కోసం ఎదుటి వర్గం దగ్గర తలవంచాల్సిన పని అతనికి లేదు. లాపోర్త్ పక్షం నిలబడ్డది ఈ ఏర్పాటు మీదే. జనాభా లెక్కలో అది చిన్నది, ధనబలం లేదు. అయినా ఆ జాబితా ఉన్నన్నాళ్లూ దాన్ని పక్కకు నెట్టి సభలు నడపడం ఎవరికీ సాధ్యం కాలేదు.

బ్రిటిష్ భారతంలో అణగారిన కులాలకు ప్రత్యేక నియోజకగణాల ప్రతిపాదన 1932 ఆగస్టులో కమ్యూనల్ అవార్డుతో వచ్చింది. పుదుచ్చేరిలో దానికి దగ్గరగా ఉన్న ఏర్పాటు అప్పటికి 48 ఏళ్ల కిందటే అమలైంది. ఒక తేడా ఉంది. పుదుచ్చేరి రెండో జాబితా తలుపు కులాన్ని బట్టి తెరుచుకోదు. రిజిస్ట్రారు ముందు ప్రకటించిన ఎవరైనా అందులో చేరవచ్చు. అదే దాని బలహీనత కూడా. ఎవరైనా చేరగలిగిన జాబితాలోకి ఎవరినైనా తోయవచ్చు కదా.

మొదటి జాబితావాళ్లకూ, మూడో జాబితా నాయకులకూ రెండో జాబితా కంటగింపుగానే ఉండిపోయింది. 1899 సెప్టెంబర్ 10 నాటి డిక్రీతో అది రద్దయింది. వదులుకుని 15 ఏళ్లు దాటి, ఫ్రెంచి చదువు, ప్రభుత్వ సేవ వంటి అర్హతలున్న కొద్దిమందిని మొదటి జాబితాలోకి ఎక్కించారు. మిగతా రెనోన్సాన్లంతా తిరిగి దేశీయుల జాబితాలోకే, ఏ కులపెద్దల నీడ నుంచి తప్పుకుందామనుకున్నారో వాళ్ల మధ్యకే వచ్చిపడ్డారు. పేరు ఫ్రెంచి, చట్టం ఫ్రెంచి, ఓటు మాత్రం ముదలియార్ జాబితాలో. ఆ తర్వాత పుదుచ్చేరిలో రెనోన్సాన్ల పేరిట వేరే పక్షం నిలదొక్కుకోలేదు. పై ఎత్తులు వేసే నాయకుడు లేకపోవడమో, చీలికలో దీనికి అసలు కారణాలు కావు. సీట్ల లెక్క మారింది, పక్షం పోయింది.

అదే సమయంలో సముద్రం అవతల జరిగింది చూస్తే విచిత్రంగా ఉంటుంది. ఫ్రెంచి ఉద్యోగాలకూ సైన్యానికీ చాలామంది రెనోన్సాన్లు కొచ్చిన్‌చైనాకు, అంటే నేటి దక్షిణ వియత్నాంకు, వలస వెళ్లారు. సైగాన్‌లో వాళ్లు ఫ్రెంచి పౌరులుగా ఫ్రెంచివాళ్లతో కలిసే ఓటు వేశారు. అక్కడ ఫ్రెంచి ఓటర్లే కొద్దిమంది కాబట్టి, పుదుచ్చేరి గుమాస్తాల, పోలీసుల ఓట్లు ఎన్నిక ఎటు మొగ్గాలో తేల్చేవి. దాని మీద సైగాన్ తెల్లవాళ్లు గగ్గోలు పెట్టారు. ఒకే మనిషి సొంత ఊళ్లో మూడో తరగతి ఓటరు, పరాయి గడ్డ మీద నిర్ణాయక ఓటరు.

గుండాల రోజులు, కార్మికుల రోజులు

20వ శతాబ్దం మొదటి పాదంలో పుదుచ్చేరి ఎన్నికలకు దొంగ ఓట్ల, దెబ్బలాటల పేరు స్థిరపడింది. షణ్ముగ వేలాయుద ముదలియార్ పట్టు సడలాక మిల్లు యజమాని అన్రీ గెబలే మేయరుగా ఊరిని శాసించాడు. 1914లో డిప్యూటీ స్థానానికి పోటీ చేసినవాళ్లలో పాల్ రిషార్ ఒకడు. తర్వాత శ్రీమాతగా పేరుపొందిన మిర్రా ఆయన భార్య. రిషార్‌కు అరవిందుల మద్దతున్నా గెలిచింది పాల్ బ్లూజెన్. ఆ పోటీలన్నింట్లో చేరీ ఓటు బేరానికి పెట్టిన సరుకే తప్ప సొంతంగా నిలబడ్డ శక్తి కాదు.

మళ్లీ కదలిక వచ్చింది మిల్లుల నుంచి. సవాన, రోడియే, గెబలే మిల్లుల్లో పనిచేసేవాళ్లలో దళితులు గణనీయంగా ఉన్నారు. తర్వాత కమ్యూనిస్టు నాయకుడైన వి. సుబ్బయ్య 1933లో హరిజన సేవా సంఘం శాఖ పెట్టి చేరీల్లో పని మొదలుపెట్టాడు. 1934 ఫిబ్రవరిలో గాంధీ పుదుచ్చేరి వచ్చాడు. 1936 జులై 30న మిల్లు కార్మికుల మీద ఫ్రెంచి పోలీసులు కాల్పులు జరిపితే 12 మంది చనిపోయారు. ఆ తర్వాత ఏడాదే పనిగంటలను ఎనిమిదికి కుదించే చట్టం వచ్చింది. చేరీ ఓటు క్రమంగా ఎర్రజెండా కిందకు చేరింది. ఇది దళితులకు దక్కిన గెలుపా, వాళ్ల సొంత పక్షం పుట్టకుండా పోవడానికి కారణమా అన్న వాదన ఇప్పటికీ తేలలేదు. రెండూ నిజమే అనిపిస్తుంది. కూలి పెరిగింది, చేరీ నుంచి వచ్చిన నాయకుడు మాత్రం పార్టీ ముందు వరసలో కనబడలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే వేళ జాబితాలు పోయి స్త్రీలతో సహా అందరికీ ఒకే ఓటు వచ్చింది. 1954 అక్టోబర్ 18న కీళూరులో 178 మంది ప్రజాప్రతినిధుల్లో 170 మంది భారత్‌లో విలీనానికి ఓటు వేశారు. నవంబర్ 1న పాలన చేతులు మారింది. చట్టప్రకారం విలీనం 1962 ఆగస్టు 16న పూర్తయింది.

తెలుగు నేల మీద: రెండు ఓట్ల రోజులు

1932 సెప్టెంబర్ 24న పూనా ఒప్పందంతో ప్రత్యేక నియోజకగణం ఆలోచన బ్రిటిష్ భారతంలో ఆగిపోయింది. కమ్యూనల్ అవార్డు ఇచ్చిన 71 సీట్ల బదులు 148 రిజర్వుడు సీట్లు దక్కాయి, కానీ ఓటు ఉమ్మడి అయింది. సీట్లు రెట్టింపయ్యాయి, అభ్యర్థిని గెలిపించే తాళం చెవి మాత్రం మెజారిటీ కులాల చేతికి పోయింది. పుదుచ్చేరి 1899లో చూసింది ఇదే.

అంబేద్కర్ 1942లో నాగపూర్‌లో స్థాపించిన అఖిల భారత షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ నిజాం రాష్ట్రంలో వేగంగా వేళ్లూనింది. భాగ్యరెడ్డివర్మ మొదలుపెట్టిన ఆది హిందూ ఉద్యమం అప్పటికే నేలను దున్ని ఉంచింది. బి.ఎస్. వెంకట్రావు, అరిగె రామస్వామి, జె. సుబ్బయ్య, బి. శ్యాంసుందర్ తలో దారిలో నడిచినా దళితులకు సొంత గొంతు ఉండాలన్న దగ్గర కలిశారు. 1952లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో దేశం మొత్తం మీద ఫెడరేషన్ గెలిచిన లోక్‌సభ స్థానాలు రెండే. ఒకటి షోలాపూర్, రెండోది కరీంనగర్. హైదరాబాద్ శాసనసభలోని 175 స్థానాల్లో అయిదు దక్కాయి.

కరీంనగర్ ఎలా గెలిచారో కాస్త దగ్గరగా చూడాలి. అది ద్విసభ్య నియోజకవర్గం. ఒక జనరల్ స్థానం, ఒక రిజర్వుడు స్థానం. ఓటరుకు రెండు ఓట్లు, రెండూ ఒకే అభ్యర్థికి వేయకూడదు. ఆ ఎన్నికల్లో అభ్యర్థుల పేర్లు అచ్చేసిన బ్యాలెట్ లేదు. పోలింగ్ గదిలో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు బొమ్మ. చదువురాని కూలీ చీటీ పట్టుకుని వరసగా పెట్టెలు చూసుకుంటూ వెళ్లి ఫెడరేషన్ గుర్తైన ఏనుగు బొమ్మ ఉన్న పెట్టెలో వేసేవాడు. రెండో చీటీ వేరే పెట్టెకు. ఫలితంలో జనరల్ స్థానం పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ అభ్యర్థి బద్దం ఎల్లారెడ్డికి, రిజర్వుడు స్థానం ఫెడరేషన్ అభ్యర్థి ఎం.ఆర్. కృష్ణకు వచ్చాయి. తెలంగాణ సాయుధ పోరాటం తర్వాత ఊళ్లలో కమ్యూనిస్టు గాలి వీస్తున్న కాలం అది. దానితో తగువుపడకుండా దళిత పక్షం తన ఓటును తన పెట్టెకు చేర్చుకోగలిగింది. రెండు ఓట్ల పద్ధతే లేకుంటే అది జరిగే పని కాదు.

కథ అక్కడ ఆగితే బావుండేది. తర్వాతి ఎన్నికలకు కృష్ణ కాంగ్రెస్‌లో చేరి అనేకసార్లు లోక్‌సభకు వెళ్లాడు. గెలిచిన దళిత నాయకుణ్ణి పెద్ద పార్టీ తనలోకి లాక్కోవడం అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆగలేదు. 1961లో ద్విసభ్య నియోజకవర్గాలనే రద్దుచేశారు.

1957 అక్టోబర్‌లో ఫెడరేషన్ స్థానంలో రిపబ్లికన్ పార్టీ ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్‌లో దానికి ముఖం జె. ఈశ్వరీబాయి. సికింద్రాబాద్‌లో పుట్టి, బడి పంతులుగా పనిచేసి, 1967లోనూ 1972లోనూ ఎల్లారెడ్డి నుంచి శాసనసభకు గెలిచింది. 1969 తెలంగాణ ఉద్యమంలో ముందు నిలిచింది. సభలో మంత్రులను నిలదీసి మాట్లాడే ఆడగొంతుగా పాత పాత్రికేయులు ఆమెను ఇప్పటికీ తలుచుకుంటారు. రాష్ట్రంలో రిపబ్లికన్ పార్టీ బలం ఆమె వ్యక్తిత్వమేనన్న మాటలో నిజముంది. ఆమె కుమార్తె గీతారెడ్డి కాంగ్రెస్ మంత్రి అయ్యారు.

1985 జులై 17న కారంచేడులో దళితులను చంపాక కత్తి పద్మారావు, బొజ్జా తారకం తదితరుల చొరవతో దళిత మహాసభ ఏర్పడింది. 1991 ఆగస్టు 6న చుండూరు మళ్లీ నెత్తురోడింది. ఈ రెండు ఊళ్ల కోపమంతా పోలింగు బూతుకు మళ్లితే ఎలా ఉంటుందో పరీక్షించినది 1994 శాసనసభ ఎన్నికల్లో బహుజన సమాజ్ పార్టీ. ఏడాది ముందే ఉత్తరప్రదేశ్‌లో సమాజ్‌వాదీ పార్టీతో కలిసి అధికారానికొచ్చిన ఊపుతో ఆ పార్టీ నాయకుడు కాన్షీరామ్ ఆంధ్ర జిల్లాలు, తెలంగాణ చుట్టేశారు. సభలు జనంతో కిక్కిరిశాయి. 294 స్థానాల్లో ఆ పార్టీకి ఒక్కటీ రాలేదు. ఎన్టీఆర్ గాలిలో కొట్టుకుపోయారన్నది సగం సమాధానమే. మిగతా సగం జనాభా పటంలో ఉంది. 2011 లెక్కల ప్రకారం ఉత్తరప్రదేశ్‌లో దళితులు 20 శాతం దాటారు, పంజాబ్‌లో దాదాపు 32 శాతం. తెలుగునాట 16 శాతం దరిదాపుల్లో ఉన్నారు, అదీ ప్రతి ఊళ్లో కొంచెం కొంచెంగా పరుచుకుని. అందరికన్నా ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నవాడే గెలిచే పద్ధతిలో, ఎక్కడా కుప్పగా లేని 16 శాతం ఒంటరిగా ఏ సీటునూ ఇవ్వదు. వెనుకబడిన కులాలు కలిసి వస్తేనే వస్తుంది, అవి వేరే పార్టీల్లో ఉన్నాయి.

20 ఏళ్ల తర్వాత, 2014లో బహుజన సమాజ్ పార్టీ ఏనుగు గుర్తు మీద తెలంగాణలో ఇద్దరు గెలిచారు. నిర్మల్‌లో అల్లోల ఇంద్రకరణ్‌రెడ్డి, సిర్పూర్‌లో కోనేరు కోనప్ప. ఇద్దరూ దళితులు కారు, ఇద్దరూ త్వరలోనే టీఆర్ఎస్‌లో కలిశారు. టికెట్ దొరకని బలవంతులకు ఏనుగు ఎక్కి దిగే వాహనమైంది. ఐపీఎస్ ఉద్యోగం వదిలి పార్టీ పగ్గాలు పట్టిన ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ 2023లో అదే సిర్పూర్‌లో నిలబడి మూడో స్థానంలో ఆగారు. తర్వాతి మార్చిలో ఆయనా బీఆర్ఎస్‌లో చేరారు.

అలబామా పిల్లి, బొంబాయి పిల్లి, విళుప్పురం పిల్లి

లెక్క తలకిందులైతే ఏమవుతుందో అమెరికాలోని అలబామా రాష్ట్రం, లౌండ్స్ కౌంటీ చూపిస్తుంది. అక్కడి జనాభాలో 80 శాతం నల్లవాళ్లు. 1965 మొదట్లో వాళ్లలో ఒక్కరికీ ఓటు లేదు. ఆ ఏడాది ఆగస్టులో ఓటు హక్కుల చట్టం వచ్చింది. జాన్ హ్యూలెట్ తదితరులు, స్టోక్లీ కార్మైకేల్ నడిపిన విద్యార్థి సంఘం అండతో, లౌండ్స్ కౌంటీ ఫ్రీడమ్ ఆర్గనైజేషన్ అనే సొంత పార్టీ పెట్టారు. బ్యాలెట్ మీద ప్రతి పార్టీకీ ఒక గుర్తు ఉండాలన్నది ఆ రాష్ట్ర నిబంధన. అలబామా డెమోక్రాట్ల గుర్తు తెల్ల కోడిపుంజు. దానికి ఎదురుగా వీళ్లు నల్ల చిరుతను పెట్టుకున్నారు. 1966 నవంబర్‌లో అభ్యర్థులందరూ ఓడిపోయారు. తోటల యజమానులు ఇళ్ల నుంచి వెళ్లగొట్టిన కౌలుదారులు గుడారాల్లో ఉంటున్న రోజులవి. 1970లో హ్యూలెట్ షెరీఫ్‌గా గెలిచాడు. జనం కుప్పగా ఉన్న చోట, పదవి స్థానికమైనదైన చోట, వేరు పార్టీ నాలుగేళ్లలో ఫలితమిచ్చింది.

రాష్ట్రం, దేశం స్థాయికి వెళ్లేసరికి అదే ప్రయత్నం ఇక్కడిలాగే తడబడింది. 1964లో మిసిసిపి ఫ్రీడమ్ డెమోక్రటిక్ పార్టీ తరఫున ఫానీ లూ హేమర్ అట్లాంటిక్ సిటీలో జరిగిన డెమోక్రటిక్ పార్టీ జాతీయ సమావేశంలో తమ ప్రతినిధులను గుర్తించమని అడిగితే రెండు సీట్లు విదిలించారు. వాళ్లు తీసుకోలేదు. 1972లో గేరీ నగరంలో జరిగిన నల్లజాతి రాజకీయ మహాసభ పెద్ద పార్టీలను వదలాలా వద్దా అని చీలిపోయింది. 1980లో ఏర్పడిన నేషనల్ బ్లాక్ ఇండిపెండెంట్ పొలిటికల్ పార్టీ కొన్నేళ్లలో కనుమరుగైంది. 1984, 1988లలో జెస్సీ జాక్సన్ డెమోక్రటిక్ పార్టీ లోపలే అభ్యర్థిత్వానికి పోటీపడటాన్ని మేలనుకున్నాడు.

ఆ నల్ల చిరుత మాత్రం కౌంటీ దాటింది. ఓక్లాండ్‌లో బ్లాక్ పాంథర్లు దాన్ని తీసుకున్నారు. వాళ్లను చూసి 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్లు పుట్టారు. ఆ సంస్థ తమిళ శాఖ నుంచి తొల్. తిరుమావళవన్ నాయకత్వంలో విడుదలై చిరుత్తైగళ్ కట్చి ఎదిగింది. 1999లో ఎన్నికల బరిలోకి దిగిన ఈ పార్టీ ద్రావిడ పార్టీలతో పొత్తు పెట్టుకునే దారి ఎంచుకుంది. 2021లో తమిళనాడు శాసనసభకు నలుగురిని గెలిపించుకుంది. వాళ్లలో ఇద్దరు జనరల్ స్థానాల నుంచి వచ్చారు. 2024లో చిదంబరం, విళుప్పురం లోక్‌సభ స్థానాలు గెలిచి తమిళనాట రాష్ట్ర పార్టీ గుర్తింపు పొందింది. ఒంటరిగా దిగి డిపాజిట్ పోగొట్టుకోవడం కన్నా, పొత్తులో తన గుర్తు తాను నిలుపుకుని అయిదారు సీట్లు బేరమాడటం మేలన్నది ఆ పార్టీ తేల్చుకున్న లెక్క. తెలుగు నేల మీద దళిత పార్టీలేవీ ఇంత పట్టుదలగా ఈ లెక్కను పాటించలేదు. చెప్పుకోదగ్గ తేడా ఇదే అనుకుంటాను.

నేటి పుదుచ్చేరి

విళుప్పురం జిల్లా పుదుచ్చేరి పట్టణం పొలిమేరలను చుట్టి ఉంటుంది. 30 ఎన్నికైన స్థానాలున్న పుదుచ్చేరి శాసనసభలో అయిదు దళితులకు రిజర్వు అయ్యాయి: తిరుబువనై, ఊసుడు, ఎంబలం, నెట్టప్పాక్కం, కారైక్కాల్ వైపు నెడుంగాడు. కేంద్రపాలిత ప్రాంతంలో దళితులు 16 శాతానికి కాస్త తక్కువ. అయిదు సీట్లనూ ఎక్కువగా కాంగ్రెస్, ద్రావిడ పార్టీలు, ఎన్.ఆర్. కాంగ్రెస్ వంటివే పంచుకుంటూ వచ్చాయి. 2021 ఎన్నికల్లో డీఎంకే, కాంగ్రెస్ కూటమి విడుదలై చిరుత్తైగళ్‌కు ఒకే ఒక్క సీటు ఇచ్చింది. అది పట్టణ శివారు ఒళుకరై. జనరల్ స్థానం. దాన్ని ఒక స్వతంత్ర అభ్యర్థి గెలుచుకున్నాడు. రిజర్వుడు స్థానాలు పెద్ద పార్టీలు తమ దగ్గరే ఉంచుకుని, దళిత పార్టీకి జనరల్ సీటు విసిరేయడం ఉదారతలా కనబడుతుంది. అక్కడి ఓటర్ల కూర్పు తెలిసినవాళ్లు దాన్ని ఉదారత అనరు.

రెనోన్సాన్ల కథకు మాత్రం ఇంకో కొనసాగింపు ఉంది. 1956 విలీన ఒప్పందం పుదుచ్చేరివాసులకు ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకునే వీలు కల్పించింది. 1962 తర్వాత ఆరు నెలల గడువులో వేలమంది దాన్ని ఎంచుకున్నారు. సైన్యంలో పనిచేసినవాళ్లు, ఫ్రెంచి ఇంటిపేర్లున్న కుటుంబాలు వాళ్లలో చాలా ఉన్నాయి. వాళ్ల వారసులు ఇప్పటికీ ఫ్రెంచి అధ్యక్ష ఎన్నికలప్పుడు పుదుచ్చేరిలోనే ఓటు వేస్తారు. 2012 నుంచి విదేశాల్లోని ఫ్రెంచివారికి ప్రత్యేకంగా ఏర్పడిన పార్లమెంటు స్థానాల్లో పదకొండోదానికీ వాళ్లే ఓటర్లు. ఆ నియోజకవర్గం రష్యా నుంచి ఆస్ట్రేలియా దాకా పరుచుకుంది. 1884లో మూడోవంతు సీట్లు నిర్ణయించిన ఓటర్ల వారసులు ఇప్పుడు అందులో ఓ చిన్న భాగం. పారిస్ అభ్యర్థులు ప్రచారానికి పుదుచ్చేరి వచ్చినప్పుడు పింఛన్ల గురించి, వీసాల గురించి మాట్లాడతారు. చేరీల ప్రస్తావన రాదు.